పెద్దరోగం ముందు రాబర్ట్ కోచ్: కంటికి చిక్కని క్రిమి, కళ్లముందే ఉన్న దారులు

1896 డిసెంబరులో రాబర్ట్ కోచ్ దక్షిణాఫ్రికాలోని కింబర్లీకి చేరుకున్నారు. వజ్రాల గనుల ఊరు అది. అప్పటికి ఆయన వయసు దాదాపు 53 ఏళ్లు. క్షయ క్రిమిని, కలరా క్రిమిని లోకానికి చూపించిన శాస్త్రవేత్తగా ఆయన పేరు తెలియని దేశం లేదు. కేప్ కాలనీ ప్రభుత్వం ఆయన్ను పిలిపించింది మనుషుల రోగం కోసం కాదు, పశువుల రోగం కోసం.

ఆ రోగం పేరు రిండర్‌పెస్ట్. తెలుగు రైతులు దాన్ని పెద్దరోగం అన్నారు, ముసర వ్యాధి అన్నారు. జ్వరం వస్తుంది, కళ్ల వెంట నీరు కారుతుంది, నోట్లో పుళ్లు లేస్తాయి, ఆ తర్వాత ఆగని పారుడు. రోగం కనిపించిన వారం పది రోజుల్లో పశువు నేలకొరుగుతుంది. ఎన్నడూ ఆ రోగం ఎరగని మందలోకి అది అడుగుపెడితే పదింట ఎనిమిది, తొమ్మిది పశువులు పోవడం మామూలు.

కోచ్‌ను మన పాఠ్యపుస్తకాలు క్షయ, కలరా దగ్గర పరిచయం చేసి అక్కడే వదిలేస్తాయి. కానీ ఆయన వృత్తి జీవితం మొదలైంది పశువుల దొడ్లలో. చివరి పదిహేనేళ్లలోనూ మళ్లీ మళ్లీ పశువుల దగ్గరికే వెళ్లారు. అక్కడ ఆయన గెలిచినవీ ఉన్నాయి, ఓడినవీ ఉన్నాయి. మందలోకి వైరస్ ఎలా వస్తుందన్న ప్రశ్నకు ఈనాటికీ పనికొచ్చేవి ఎక్కువగా ఆ ఓటములే.

పల్లె వైద్యుడి పెరటి ప్రయోగశాల

కోచ్ 1843 డిసెంబరు 11న జర్మనీలోని హార్జ్ కొండల్లో ఉన్న క్లౌస్తాల్‌లో పుట్టారు. తండ్రి గనుల శాఖలో ఉద్యోగి. ఇంటినిండా పిల్లలు. గోటింగెన్ విశ్వవిద్యాలయంలో 1866లో వైద్యవిద్య పూర్తిచేశారు. అక్కడ ఆయన గురువుల్లో ఒకరు యాకోబ్ హెన్లే. అంటురోగాలకు కంటికి కనిపించని జీవులే కారణమై ఉంటాయని, దానికి ఎలాంటి రుజువు కావాలో కూడా కోచ్ పుట్టకముందే రాసిన మనిషి ఆయన.

1872లో కోచ్ వోల్‌స్టైన్ అనే చిన్న పట్టణంలో జిల్లా వైద్యాధికారిగా చేరారు. ఇప్పుడది పోలండ్‌లో ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్, గొర్రెల్ని, ఆవుల్ని ఏటా పొట్టన పెట్టుకునేది. రైతులకు ఒక సంగతి అనుభవంలో తెలుసు. కొన్ని బీళ్లు చెడ్డవి. అక్కడ మేపితే పశువు చస్తుంది. ఏళ్ల తరబడి ఖాళీగా వదిలేసి మళ్లీ మేపినా చస్తుంది. ఎందుకో ఎవరికీ తెలియదు.

ఇంట్లోనే ఒక మూల మైక్రోస్కోప్ పెట్టుకుని, రోగులను చూడగా మిగిలిన వేళల్లో కోచ్ పనిచేశారు. చచ్చిన పశువు రక్తాన్ని సన్నని చెక్క పుల్లలతో ఎలుకలకు ఎక్కించారు. పశువు కంట్లోని ద్రవంలో ఆ క్రిమిని పెంచారు. అది పరిస్థితులు అనుకూలించనప్పుడు గట్టి బీజంలా, అంటే స్పోర్‌గా మారుతుందని, ఆ రూపంలో ఎండకూ వానకూ ఓర్చుకుని ఏళ్లపాటు మట్టిలో ఉండిపోతుందని కనిపెట్టారు. 1876లో బ్రెస్లావ్‌లో ఫెర్డినాండ్ కోన్ అనే వృక్షశాస్త్రవేత్త ముందు ఇదంతా చేసి చూపించారు. ఆ ఏడాదే ప్రచురించారు. చెడ్డ బీడు రహస్యం అలా వీడింది. కళేబరాన్ని పైపైన పూడ్చితే ఆ నేలే రోగాన్ని దాచుకుంటుందని తేలింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ విజయం కోచ్‌కు ఒక అలవాటు నేర్పింది. క్రిమిని పట్టుకో, పెంచు, ఆరోగ్యంగా ఉన్న జంతువుకు ఎక్కించు, అదే రోగం వస్తే రుజువైనట్టే. క్షయలో (1882) ఈ దారి ఆయనకు జగత్ప్రసిద్ధి తెచ్చింది. 1884లో కలకత్తాలో ఆయన కలరా క్రిమిని పట్టుకున్నారు. కానీ రిండర్‌పెస్ట్ దగ్గర ఈ దారి మూసుకుపోయింది.

1890 నాటికి ఆయన మీద మరో నీడ పడింది. క్షయకు మందు దొరికిందంటూ ట్యూబర్‌క్యులిన్‌ను ప్రకటించారు. రోగులు బెర్లిన్‌కు బారులు తీరారు. మందు పనిచేయలేదు. రోగ నిర్ధారణకు మాత్రం అది పనికొచ్చింది. పశువుల్లో క్షయ పరీక్షకు నేటికీ ఆ కుటుంబపు పదార్థాన్నే వాడతారు. 1893లో మొదటి భార్యతో విడాకులు, తనకంటే దాదాపు ముప్పై ఏళ్లు చిన్నదైన నటి హెడ్‌విగ్ ఫ్రైబెర్గ్‌తో పెళ్లి. బెర్లిన్ ఉన్నత సమాజం ముఖం చిట్లించింది. కేప్ కాలనీ నుంచి పిలుపు వచ్చేసరికి, బెర్లిన్ వదిలి వెళ్లడం ఆయనకు అంత కష్టమనిపించి ఉండదు.

ఎద్దు బండి మీద వచ్చిన మరణం

రిండర్‌పెస్ట్ ఆసియా, యూరప్‌లకు పాత చుట్టం. సహారాకు దిగువన ఉన్న ఆఫ్రికాకు మాత్రం కొత్త. 1887 ప్రాంతంలో ఎర్ర సముద్రం తీరంలోని మసావా దగ్గర అది లోపలికి వచ్చింది. ఇటలీ సైన్యం ఆహారానికి, రవాణాకు తెప్పించుకున్న పశువులతో వచ్చిందనీ, అవి భారతదేశం నుంచి వచ్చినవి కావచ్చనీ చరిత్రకారుల్లో చాలామంది అభిప్రాయం. ఇథియోపియాలో దున్నడానికి ఎద్దు మిగల్లేదు. తర్వాత వచ్చిన కరవులో జనాభాలో మూడోవంతు పోయిందని ఒక అంచనా. అక్కడి నుంచి రోగం దక్షిణానికి నడిచింది. 1896 ఆరంభంలో జాంబెజీ నది దాటింది. మార్చిలో బులవాయో చేరింది. అక్కడి నుంచి దాని నడక పరుగయింది.

ఎందుకు? దానికి జవాబు ఎడ్ల బండి. రైలు మార్గం అప్పటికి బులవాయో దాకా రాలేదు. ఉత్తరానికి పోయే ప్రతి మూటా, ప్రతి తుపాకీ, ప్రతి పిండి బస్తా బండి మీదే పోవాలి. ఒక్కో బండికి పదహారో పద్దెనిమిదో ఎద్దులు. దారి పొడవునా మజిలీలు ఉంటాయి. ఒక నీటి గుంట, కాస్త గడ్డి. ఇవాళ ఉత్తరం నుంచి వచ్చిన ఎద్దు తాగిన చోట రేపు దక్షిణం నుంచి వచ్చిన ఎద్దు తాగుతుంది. పక్క ఊరి ఆవులూ అక్కడికే వస్తాయి. రోగం తగిలిన పశువు, జబ్బు పైకి కనిపించకముందే కొన్ని రోజులు నడుస్తుంది. ఆ కొన్ని రోజుల్లో అది ఎంత దూరం పోతే రోగం అంత దూరం పోయినట్టే. అడవిలోని కార్చుదున్నలు, కుడూ వంటి గిట్టల జంతువులు కూడా తగిలించుకుని చచ్చాయి.

రిండర్‌పెస్ట్ వైరస్ స్వభావం తెలిస్తే ఈ దృశ్యం ఇంకా స్పష్టమవుతుంది. అది బలహీనమైనది. ఎండ తగిలితే, ఆరిపోతే త్వరగా నశిస్తుంది. దొమ్మరోగపు స్పోర్‌లా మట్టిలో ఏళ్లపాటు కూర్చోలేదు. పశువు నుంచి పశువుకు దగ్గరగా చొంగ, కళ్ల నీరు, పేడ, శ్వాసల ద్వారా పోవాలి. కోలుకున్న పశువు జీవితాంతం మళ్లీ ఆ రోగం తెచ్చుకోదు, ఇతరులకు అంటించదు. అంటే ఆ వైరస్ బతకాలంటే ఎప్పుడూ ఒక కొత్త పశువు, ఒక కొత్త మంద కావాలి. మనుషులు పశువుల్ని కదపకపోతే దానికి కాళ్లు లేవు.

కేప్ ప్రభుత్వానికి ఇది కొంతవరకు తెలుసు. వందల మైళ్ల కంచె వేయించింది. పోలీసు కాపలా పెట్టింది. రోగం తగిలిన మందల్నే కాదు, హద్దు దాటిన పశువుల్నీ కాల్చేయమంది. కాగితం మీద ఈ పద్ధతికి మంచి చరిత్ర ఉంది. 18వ శతాబ్దం మొదట్లో ఇటలీలో పోప్ వైద్యుడు జొవాన్ని లాంచీసి సరిగ్గా ఇదే చెప్పారు. రోగం తగిలినదాన్ని చంపి లోతుగా పూడ్చండి, కదలికలు ఆపండి అన్నది ఆయన సలహా. పాటించిన చోట అది పనిచేసింది.

కానీ దక్షిణాఫ్రికాలో ఆ తుపాకీ ఎవరి ఆవు మీద గురిపెట్టారన్నది అసలు సంగతి. నల్లవారికి రిజర్వులుగా వదిలిన ఇరుకు నేలల్లో కంచెలు లేవు, మేత చాలదు. పశువు హద్దు దాటడం అక్కడ నేరం కాదు, దినచర్య. 1896 డిసెంబరులో, అంటే కోచ్ కింబర్లీలో ప్రయోగాలు మొదలుపెట్టిన రోజుల్లోనే, ఆ ఊరికి ఉత్తరాన ఫోక్వానే దగ్గర రిజర్వు దాటి వచ్చిన పశువుల్ని పోలీసులు కాల్చేశారు. వాటిలో ట్ల్హాపింగ్ నాయకుడు గలెషేవే పశువులున్నాయి. ఘర్షణ తిరుగుబాటుగా మారింది. లాంగెబెర్గ్ కొండల్లో నెలల తరబడి పోరు నడిచింది. 1897లో అణచేశాక నేలలు లాక్కున్నారు. వందలాది కుటుంబాలను కేప్ రైతుల దగ్గర కట్టుబానిసల్లాంటి పనికి పంపారు. రోగం కంటే రోగ నివారణ వల్ల ఎక్కువ పోగొట్టుకున్నవారు వాళ్లు. ఇలా నమ్మకం చెడిన చోట జబ్బుపడిన పశువును ఎవరు చూపిస్తారు? దాచేస్తారు, లేదా రాత్రికి రాత్రి మరో ఊరికి తోలేస్తారు. పశువైద్య అధికారులు రాసుకునే ప్రమాద కారణాల పట్టికలో ఈ వరస అరుదుగా కనిపిస్తుంది కానీ, ఉండాల్సింది అందులోనే.

పైత్యరసం

కింబర్లీలో డి బీర్స్ కంపెనీ తన గని కూలీల కోసం కట్టిన కాంపౌండ్ ఒకటి కోచ్‌కు ఇచ్చింది. అక్కడ ఆయన మొదట చేసింది అలవాటైన పనే. రక్తంలో, చీములో, పేగుల్లో క్రిమి కోసం వెతికారు. దొరికినవి చాలా. రోగానికి కారణమైనది ఒక్కటీ లేదు.

దొరకదు కూడా. రిండర్‌పెస్ట్‌కు కారణం బ్యాక్టీరియా కాదు, వైరస్. ఆనాటి మైక్రోస్కోపుల శక్తికి అది అందదు. పింగాణీ వడపోత గుండా కూడా దూరిపోతుందని 1902లో కాన్‌స్టాంటినోపుల్‌లో మోరిస్ నికోల్, ఆదిల్ బే కలిసి చూపించారు. చిత్రమేమిటంటే, జంతువుల్లో ఇలాంటి వడపోతకు ఆగని రోగకారకం ఉందని మొదట నిరూపించింది కోచ్ శిష్యులే. 1898లో ఫ్రీడ్రిఖ్ లోఫ్లర్, పాల్ ఫ్రోష్ గాలికుంటు వ్యాధి మీద ఆ పని చేశారు. గురువు కింబర్లీ నుంచి వెళ్లిపోయిన మరుసటి ఏడాది అది.

క్రిమి దొరకనప్పుడు కోచ్ తెలివిగా దారి మార్చారు. కారణం తెలియకపోయినా రక్షణ ఇవ్వగలమా అని అడిగారు. జబ్బుపడిన పశువు రక్తం చిటికెడంత ఎక్కించినా రోగం వస్తుందని, ఎండిన రక్తానికి ఆ శక్తి త్వరగా పోతుందని చూశారు. గొర్రెలకు, మేకలకు ఎక్కించి చూశారు. కోలుకున్న పశువు సీరంలో కొంత రక్షణ ఉందని, కానీ అది చాలా తక్కువని గుర్తించారు. చివరికి రోగంతో చచ్చిన పశువు పిత్తాశయం తెరిచి, అందులోని పైత్యరసాన్ని పది ఘన సెంటీమీటర్ల మేర ఆరోగ్యంగా ఉన్న పశువు గంగడోలు చర్మం కిందికి ఎక్కించారు. పది రోజుల తర్వాత ఆ పశువు రోగాన్ని తట్టుకుంది. 1897 ఫిబ్రవరిలో ఈ పద్ధతిని ప్రకటించారు.

దేశమంతా ఊపిరి పీల్చుకుంది. అయితే బోయర్ రైతులు పైత్యరసాన్ని తమకు తోచిన తీరులో అంతకుముందే వాడారన్న వాదన వెంటనే లేచింది. అది పూర్తిగా కల్ల కాదు. కోచ్ చేసిందల్లా దాన్ని కొలతలోకి, పరీక్షలోకి తేవడం. తక్కువ పనేమీ కాదది.

పద్ధతిలో లోపాలు మైదానంలో బయటపడ్డాయి. టీకా కావాలంటే రోగంతో చచ్చే పశువు చేతిలో ఉండాలి. ఒక పిత్తాశయం కొన్ని పశువులకే వస్తుంది. రోగం లేని ఊళ్లో టీకా వేయాలంటే రోగాన్ని అక్కడికి తీసుకెళ్లాలి. రక్షణ కొన్ని నెలలే. పైత్యరసం సరిగా లేకపోతే పశువుకు టీకాతోనే రోగం వస్తుంది. టీకా వేసేవాళ్లు దొడ్డి నుంచి దొడ్డికి తిరుగుతూ చేతుల మీద, బట్టల మీద రోగాన్ని మోశారు. పశువును కాపాడేందుకు వచ్చిన మనిషే మందకు పెద్ద ప్రమాదమయ్యాడు. ఇప్పటికీ ఒకే సూదితో ఊరి పశువులన్నిటికీ టీకాలు వేసుకుంటూ పోయే చోట ఈ ముప్పు అలాగే ఉంది.

మార్చి చివరికి కోచ్ బొంబాయికి ఓడెక్కారు. అక్కడ ప్లేగు. కింబర్లీలో ఆయన వదిలి వెళ్లిన పనిని జార్జ్ టర్నర్, విల్హెల్మ్ కోల్ కొనసాగించారు. బలమైన సీరం, దానితోపాటే కొద్దిగా రోగపు రక్తం, ఒకేసారి రెండు చోట్ల ఎక్కించే పద్ధతి తెచ్చారు. ట్రాన్స్‌వాల్‌లో ఆర్నల్డ్ థైలర్, హర్బర్ట్ వాట్కిన్స్ పిచ్‌ఫర్డ్ కలిసి సీరం మీద పనిచేశారు. ఆఖరికి నిలిచింది సీరం దారే. జాంబెజీకి దక్షిణాన మొత్తం 25 లక్షల పశువులు పోయాయన్నది ఎక్కువగా వినిపించే లెక్క.

ముక్తేశ్వర్ కొండ మీద

1897లో కోచ్ భారతదేశంలో ఉన్నప్పుడు, ప్లేగు సంఘంలోని గాఫ్కీ, ఫైఫర్‌లతో కలిసి కుమావూ కొండల్లోని ముక్తేశ్వర్ ప్రయోగశాలకు వెళ్లారు. ఇప్పటి భారత పశువైద్య పరిశోధన సంస్థకు అది పుట్టినిల్లు. 1889లో పుణెలో మొదలై 1893లో కొండపైకి మారింది. ఎందుకు మార్చారో గమనించండి. రోగాలతో పని చేసే చోట చుట్టూ ఊరి మందలు ఉండకూడదు. ఏడు వేల అడుగులకు పైన, అడవి మధ్యన ఉన్న చోటు దొరికింది. అక్కడ ఆల్ఫ్రెడ్ లింగార్డ్ నాయకత్వంలో రిండర్‌పెస్ట్ మీద పని సాగుతోంది. కోచ్ తన పైత్యరస పద్ధతిని వివరించారు. 1899 నుంచి అక్కడ సీరం తయారీ మొదలైంది.

మన దేశానికి ఈ రోగం కొత్త కాదు. 1871లోనే హాలెన్ నాయకత్వంలోని పశు మహమ్మారి కమిషన్ పెద్ద నివేదిక ఇచ్చింది. ఇక్కడి నాటు పశువులు తరతరాలుగా ఆ వైరస్‌తో కాపురం చేసి కొంత ఓర్పు సంపాదించుకున్నాయి. ఆఫ్రికాలో పదికి తొమ్మిది పోతే ఇక్కడ అన్ని పోవు. అయితే అదే ఓర్పు వల్ల రోగం ఎన్నడూ పూర్తిగా పోకుండా, సంతల వెంట, బాటల వెంట పాకుతూ ఉండిపోయింది.

1920లలో అదే ముక్తేశ్వర్‌లో జె.టి. ఎడ్వర్డ్స్ వైరస్‌ను మేక నుంచి మేకకు వరసగా ఎక్కిస్తూ పోతే దాని పదును తగ్గుతుందని చూశారు. మేకల్లో పెంచిన ఆ టీకా మన నాటు పశువులకు సరిపోయింది. విదేశీ జాతులకు మాత్రం అది కాస్త ఘాటు. 1954లో జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. తర్వాత ఆఫ్రికాలో వాల్టర్ ప్లౌరైట్ తయారుచేసిన కణ వర్ధన టీకా వచ్చింది. దేశంలో చివరి కేసు 1995లో తమిళనాడులో కనిపించింది. 2006లో భారత్‌కు, 2011లో ప్రపంచానికి రిండర్‌పెస్ట్ నుంచి విముక్తి ప్రకటించారు. మశూచి తర్వాత మానవులు భూమి మీద నుంచి తుడిచేసిన రెండో వైరస్ రోగం ఇదే.

పశువుల ప్రయాణానికీ ఈ రోగానికీ ఉన్న బంధం మధ్యలో ఇంకోసారి బయటపడింది. 1920లో భారత్ నుంచి బ్రెజిల్‌కు పోతున్న మూపురపు పశువులు ఆంట్‌వెర్ప్ ఓడరేవులో ఆగాయి. ఆ మజిలీతో బెల్జియంలో రిండర్‌పెస్ట్ పుట్టింది. ఆ భయంతోనే 1924 జనవరి 25న పారిస్‌లో 28 దేశాలు కలిసి అంతర్జాతీయ పశు ఆరోగ్య సంస్థను పెట్టుకున్నాయి. నెల్లూరు పేరుతో ఇవాళ బ్రెజిల్ బీళ్లనిండా ఉన్న నెలోర్ జాతికి మూలం మన ఒంగోలు పశువులే. అవి అట్లాంటిక్ దాటిన కాలమూ దాదాపు అదే కాబట్టి, ఈ కథ మనకు మరీ పరాయిది కాదు.

పోయినది రిండర్‌పెస్ట్ ఒక్కటే

వైరస్ పోయింది కానీ దారులు పోలేదు. 2019 ఆగస్టులో ముద్ద చర్మ వ్యాధి, అంటే లంపీ స్కిన్, భారత్‌లో మొదటిసారి ఒడిశాలో బయటపడింది. ఆ తొలి జిల్లాల్లో మయూర్‌భంజ్ ఒకటి. దాని సరిహద్దు అవతలే జంషెడ్‌పూర్ ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లా. ఆ ఏడాది చివరికే జార్ఖండ్‌లోని రాంచీలోనూ రోగం తగిలిన పశువుల నుంచి వైరస్‌ను వేరుచేశారు. 2022లో పశ్చిమ రాష్ట్రాలకు పాకి, దేశం మొత్తం మీద లక్షకు పైగా పశువుల్ని చంపింది.

ఈ వైరస్ తీరు వేరు. ముఖ్యంగా కుట్టే ఈగలు, దోమలు, గోమార్లు దాన్ని మోస్తాయి. కానీ ఈగ ఎగిరేది కొద్ది దూరమే. జిల్లాలు దాటించేది లారీ. సువర్ణరేఖ ఒడ్డు నగరంలో బారిడీహ్ లాంటి పేటలో, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో ఉక్కు ఫ్యాక్టరీ పనికి వెళ్లిన తెలుగు కుటుంబాలు ఉన్న ఊళ్లో, ఉదయం పాలు వచ్చే దారి గురించి ఆలోచించండి. ఆ ప్రాంతంలో నగరపు పశువుల కొట్టాన్ని ఖటాల్ అంటారు. ఏ నగరపు ఖటాల్‌లో అయినా లెక్క ఒకటే. స్థలం తక్కువ, మేత కొనాలి, దూడల్ని పెంచే తీరిక లేదు. కాబట్టి ఈనిన గేదెను సంతలో కొంటారు, వట్టిపోగానే అమ్మేస్తారు, మరొకటి తెస్తారు. ఏడాదిలో కొట్టంలోని పశువుల్లో సగం మారిపోవచ్చు. కొత్తగా వచ్చిన ప్రతిదీ ఎక్కడెక్కడి పశువులతోనో సంతలో ఒక రోజు, లారీలో ఒక రాత్రి గడిపి వస్తుంది. దిగిన వెంటనే పాత పశువుల పక్కనే గాటిన కట్టేస్తారు. ఒకే తొట్టి, ఒకే పాలు పితికే చేతులు. 1896లో బులవాయో దారిలో నీటి గుంట చేసిన పనిని ఇప్పుడు ఆ తొట్టి చేస్తుంది.

కొత్త పశువును మూడు నాలుగు వారాలు విడిగా కట్టేయమని పశువైద్యులు చెబుతారు. మాట సరైనదే. పది గజాల కొట్టంలో విడిగా అంటే ఎక్కడ? కొన్న రోజు నుంచే పాలు అమ్మితే తప్ప అప్పు తీరని మనిషి నెల రోజులు ఎలా ఆగుతాడు? గాలికుంటు వ్యాధికి 2019 సెప్టెంబరు నుంచి కేంద్రమే పూర్తి ఖర్చు భరిస్తూ టీకాలు వేయిస్తోంది. అది పెద్ద మేలు. కానీ టీకా తేదీకీ సంత తేదీకీ పొంతన లేకపోతే, మొన్న టీకా పడ్డ కొట్టంలోకి నిన్న టీకా పడని గేదె దిగుతుంది.

పొరపాట్లు చేసిన పెద్దమనిషి

కోచ్ జీవితంలో పశువుల అధ్యాయం కింబర్లీతో ముగియలేదు. 1901లో లండన్‌లో జరిగిన క్షయ మహాసభలో, ఆవుల క్షయ, మనుషుల క్షయ వేరని, ఆవు పాల ద్వారా మనిషికి వచ్చే ముప్పు పట్టించుకోదగినంత లేదని ప్రకటించారు. మొదటి సగం నిజం. రెండో సగం తప్పు. సభలోనే జోసఫ్ లిస్టర్ సహా పలువురు ఒప్పుకోలేదు. బ్రిటన్ రాయల్ కమిషన్ వేసి పదేళ్లు పరిశోధించి, పచ్చి పాలతో ముఖ్యంగా పిల్లలకు క్షయ వస్తుందని తేల్చింది. కోచ్ మాత్రం 1908లో వాషింగ్టన్‌లో కూడా తన మాట మీదే నిలబడ్డారు. అంత పేరున్న మనిషి అనబట్టి పాలను కాచడం, మందల్ని పరీక్షించడం వంటి చర్యలకు అడ్డుపడేవాళ్లకు ఒక సాకు దొరికింది. ఈ ఒక్క విషయంలో ఆయన్ను వెనకేసుకు రావడం కష్టం.

1903లో మళ్లీ ఆఫ్రికా పిలిచింది. రిండర్‌పెస్ట్‌తో ఖాళీ అయిన రొడీషియా దొడ్లను నింపడానికి తూర్పు ఆఫ్రికా తీరం వైపు నుంచి పశువుల్ని తెప్పించారు. వాటితో కొత్త రోగం దిగింది. దానికే తర్వాత ఈస్ట్ కోస్ట్ ఫీవర్ అన్న పేరు నిలిచింది. ఒక రోగం చేసిన నష్టాన్ని పూడ్చుకునే తొందరే రెండో రోగానికి తలుపు తీసిందన్నమాట. రోగం వచ్చి పోయాక సబ్సిడీ పశువుల్ని ఎక్కడి నుంచో లారీల్లో దించే పథకాలు రాసేవాళ్లు ఈ ఉదంతాన్ని ఒకసారి చదవాలి.

బులవాయోలో ఏడాదికి పైగా ఉండి కోచ్ ఇది కొత్త రోగమని, రక్తంలోని పరాన్నజీవి వల్ల వస్తుందని గుర్తించారు. కోలుకున్న పశువు రక్తాన్ని పదేపదే ఎక్కిస్తే రక్షణ వస్తుందని సలహా ఇచ్చారు. మైదానంలో అది పనిచేయలేదు. ఈ రోగాన్ని మోసేది ఒక రకం గోమారి అని కేప్‌లో చార్ల్స్ లౌన్స్‌బరీ, ట్రాన్స్‌వాల్‌లో థైలర్ చూపించారు. కంచెలు, కదలికల అదుపు, పశువుల్ని మందు నీళ్ల తొట్టిలో ముంచడం ఇవే చివరికి దాన్ని లొంగదీశాయి. సూది మందు ఒక్కటే దారి అనుకున్న కోచ్ మరోసారి వెనకబడ్డారు. ఆయన కళ్లు ఎప్పుడూ పశువు లోపలికే చూశాయి. పశువుకూ పశువుకూ మధ్యన ఉన్న గడ్డి, నీరు, గోమారి, తోలుకెళ్లే మనిషి, వీటిని చూసింది ఎక్కువగా పొలాల్లో తిరిగే పశువైద్యులు, కీటక శాస్త్రవేత్తలే.

1905లో క్షయ పరిశోధనకు నోబెల్ వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లు విక్టోరియా సరస్సులోని సెసె దీవుల్లో నిద్ర జబ్బు మీద పనిచేశారు. అటాక్సిల్ అనే ఆర్సెనిక్ మందు ఎక్కువ మోతాదుల్లో వాడటంతో రోగుల్లో కొందరు చూపు పోగొట్టుకున్నారు. వలస పాలనలో ఆఫ్రికా మనుషుల మీద జరిగిన ఆ ప్రయోగాలు ఇవాళ జర్మనీలోనే గట్టి విమర్శకు గురవుతున్నాయి.

1910 మే 27న బాడెన్‌బాడెన్‌లో గుండె జబ్బుతో కోచ్ కన్నుమూశారు. అస్థికల్ని బెర్లిన్‌లో ఆయన పేరుతో ఉన్న సంస్థలోనే ఉంచారు.

అదే ఏడాది అక్టోబరులో ఆయన శిష్యుడు లోఫ్లర్ గాలికుంటు వైరస్ మీద పరిశోధనకు కొత్త ప్రయోగశాల తెరిచారు. అంతకుముందు ఆయన గ్రైఫ్స్‌వాల్డ్ పట్టణం దగ్గర పనిచేసేవారు. అక్కడి ప్రయోగశాల నుంచే రోగం చుట్టుపక్కల రైతుల దొడ్లలోకి పాకుతోందన్న ఫిర్యాదులతో 1907లో పని ఆపేయాల్సి వచ్చింది. కాబట్టి ఈసారి చోటును వేరే లెక్కతో వెతికారు. దొరికింది బాల్టిక్ సముద్రంలోని రీమ్స్ అనే చిన్న దీవి. చుట్టూ నీళ్లు. తీరంలోని ఏ మందా అక్కడికి మేతకు రాదు, అక్కడి పశువు ఏదీ ఒడ్డుకు నడిచి పోలేదు.